చివరి కొళాయికి మొదటి కబురు

నేను చేసిన బాట్ మొదటి వారంలో ఒక్కసారి తప్ప ఎన్నడూ తప్పు చెప్పలేదు. చెప్పాల్సిన వేళకు చెప్పింది, చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పింది. ఒక మనిషి పని ఊడే దాకా వచ్చింది అది అంత బాగా పనిచేయడం వల్లే. ఇలా జరుగుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. వెతికాను కాబట్టి చెబుతున్నాను.

నా చదువు గురించి ముందే చెప్పేస్తే మంచిది. అది చెప్పకుండా నేను పది నిమిషాలు కూడా ఉండలేనని మా ఆయన అంటాడు. బడిలో చదివింది పదో తరగతి. మిగతాదంతా కడపలో, లైబ్రరీలో. మా టౌను నుంచి బస్సులో ముప్పావు గంట. ఫ్యాను కింద కుర్చీ దొరికితే అక్కడ, దొరకకపోతే పేపర్లు చదివే పెద్దవాళ్ల మధ్య బల్ల చివర. కంప్యూటర్ల అరలో సగం పుస్తకాలు ఇప్పుడు ఎవరింట్లోనూ లేని యంత్రాల గురించి ఉంటాయి. ఫ్లాపీ మీద దుమ్ము పడకుండా ఎలా దాచాలో నాకు చాలా బాగా తెలుసు. దాచడానికి ఇంతవరకూ ఒక్క ఫ్లాపీ దొరకలేదు, అంతే. మిగతా సగం ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకుని పూటకొక పేజీ చొప్పున చదివాను. బాట్ అంటే ఏమిటో అలాగే తెలిసింది: మనిషి కూర్చోనక్కర్లేకుండా ఫోన్లో సందేశాలు అందుకుని, తనంతట తానే జవాబులు పంపే ప్రోగ్రాము. ఆ సంగతి మా ఆయనకు వివరిస్తే, "జవాబులు చెప్పేదానికి నువ్వుండావు గదమే, ఇంకోటి యాల?" అన్నాడు.

మా ఆయన కాలిపోయిన మోటార్లకు కొత్త వైండింగు చుడతాడు. ఇంటి ముందు గదే అంగడి. బిల్లులు నేను రాస్తాను. కొళాయి గొట్టానికి మోటారు బిగించి నీళ్లు లాగడం తప్పని ట్యాంకు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మా వీధి వాళ్లు చదువుకున్న వాళ్లు, గౌరవస్తులు. అందుకే మోటారు మీద గోనెసంచి కప్పుతారు. ఏ సంచి కింద ఏ మోటారు ఉందో నాకు తెలుసు.

వీధి వాలుగా ఉంటుంది. పైవరస వాల్వుకు దగ్గర. మా ఇల్లు అక్కడే. అక్కడి నుంచి రోడ్డు దిగుతూ దిగుతూ కిందివరస దాటి చర్చి గోడ దగ్గర ఆగిపోతుంది. గొట్టం కూడా అక్కడే ఆగుతుంది. చివరికి పోయేసరికి నీళ్లకు పైకి ఎక్కే ఓపిక ఉండదు కనుక, అక్కడి వాళ్లు మోకాటి లోతు గుంత తవ్వి, అందులో కొళాయి పెట్టుకుంటారు. బిందె కూడా గుంతలోకే దిగాలి.

అలాంటి చివరి గుంత ఒకామెది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లారీ మీద పోతే వారానికి గాని రాడు. మా వీధికి మూడు రోజులకొకసారి నీళ్లు వస్తాయి. ఏ రోజో అందరికీ తెలుసు, ఏ గంటకో వదిలే ఆయనకు కూడా తెలియదు. పొద్దున ఏడు మొదలు పదకొండు లోపల ఎప్పుడైనా రావచ్చు. హాస్టలు రెండు సందుల అవతలే. అరగంట ముందు తెలిస్తే ఆమె బియ్యం కడిగిచ్చి, పరుగున వచ్చి, ఎనిమిది బిందెలు నింపుకుని పోగలదు. తెలియదు కాబట్టి గుంత గట్టున కూర్చునేది. అలా కూర్చున్నందుకు రెండుసార్లు పిల్లల మధ్యాహ్నం అన్నం ఆలస్యమైంది. ఇంకోసారి అయితే వేరే మనిషిని చూసుకుంటానని వార్డెనమ్మ చెప్పేసింది.

"నీ కంప్యూటర్ పుస్తకాల్లో నీళ్లు ఎప్పుడొచ్చేది రాసుండదా అక్కా?" అని ఒకరోజు నవ్వుతూ అడిగింది. నవ్వులాటకు అడిగినదాన్ని కూడా పరీక్షలో ప్రశ్నలా తీసుకోవడం నాకున్న జబ్బు. ఆ రోజే మొదలుపెట్టాను.

పని చాలా సులువు. నీళ్లు వదిలే ఆయన పక్క వీధి వాల్వు కట్టేసిన అరగంటకు మా వాల్వు తెరుస్తాడు. పక్క వీధిది కట్టేయగానే తన ఫోను నుంచి నాలుగంకెల నంబరు ఒకటి బాట్‌కు పంపితే చాలు. వెంటనే వీధిలో ఉన్న ఫోన్లన్నిటికీ "అరగంటలో నీళ్లు" అని పోతుంది. రెండు నెలలు పట్టింది. సులువైన పనులకు నాకు అంత పడుతుంది.

దాన్ని ముందు అంగడి కంప్యూటర్లో పెట్టాను. మోటారు విప్పిన ప్రతిసారీ మెయిన్ ఫీజు పీకడం మా ఆయన అలవాటు. రోజుకు ఆరుసార్లు నా బాట్ చచ్చి బతికేది. చివరికి అద్దం పగిలిన పాత ఫోనొకటి తీసుకుని, బాట్‌ను అందులోకి ఎక్కించి, దేవుడి పటాల పక్కన అరలో పెట్టాను. అక్కడైతే స్నానం చేయకుండా ఎవరూ చెయ్యి పెట్టరు. మా ఆయన స్నానానికి మధ్యాహ్నం దాటుతుంది. భద్రత గురించి నేను చదివిన మూడు అధ్యాయాల్లో ఇంత గట్టి ఏర్పాటు ఒక్కటీ లేదు.

రహస్య సంఖ్య గురించి కూడా బాగానే చదివాను. ఎవరికీ చెప్పొద్దని నీళ్లాయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఆయన మాట తప్పే మనిషి కాదు, ఎవరికీ చెప్పలేదు. వాల్వు పక్కన గోడ మీద సుద్దతో రాసుకున్నాడు, అంతే. వాల్వులు తిప్పేవాళ్ల ఆనవాయితీ అది. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో గోడ మీద రాస్తారు, తాము రాని రోజున వచ్చేవాడికి తెలియాలని. పదకొండు చుట్లు, నలభై ఐదు నిమిషాలు, వాటి కింద చక్కగా గీత గీసి నా రహస్యం.

మూడో రోజున నీళ్లాయన వేంపల్లెలో పెళ్లికి పోయాడు. ఆ రోజు నీళ్ల వంతే కాదు. పొద్దున ఎనిమిదింటికి బాట్ వీధంతటికీ అరగంటలో నీళ్లని చెప్పింది. బిందెలు, డ్రమ్ములు, ఆఖరికి పసిపిల్లల్ని స్నానం చేయించే తొట్లు కూడా బయటికి వచ్చాయి. వంటామె హాస్టల్లో పని వదిలి పరుగెత్తుకొచ్చి, గుంతలో చెయ్యి పెట్టి చూసి, వెనక్కి పోయింది. అన్నం ఆ రోజు ఎలాగో వేళకు అందింది గాని, ఆమె పోతూ పోతూ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

పంపింది ఎవరో కనుక్కోవడానికి నేను పెద్ద పరిశోధన చేయబోతుండగా, పైవరస సిమెంటు అంగడాయన తనంతట తానే చెప్పాడు. వీధిలో అందరికంటే పెద్ద ఇల్లు ఆయనది. రెండు మోటార్లు, రెండు సంచులు. గోడ మీద కొత్త నంబరు కనబడితే పంపి చూశాడట. గోడ మీద రాసింది చదవడం తప్పా అని అడిగాడు. ట్యాంకు గోడ మీద రాసింది కూడా చదివి ఉంటే బాగుండేదని నేను అనుకున్నానే గాని అనలేదు. ఆ సాయంత్రమే నీళ్లాయన ఫోను నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి ఆ నంబరు వచ్చినా బాట్ పట్టించుకోకుండా మార్చాను.

తర్వాతి వంతు రోజు తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువగా సందేశం పోయింది. తొమ్మిదీ ఇరవై ఐదుకు వాల్వు తెరుచుకుంది. నిమిషం తేడా లేదు. నేను మిద్దె మీద నిలబడ్డాను. కింద వీధి మొత్తం ఒక్కసారి మోగింది, ఎవరో తేనెతుట్టె మీద రాయి వేసినట్టు. ప్రతి ఇంట్లో, ప్రతి సంచి కింద, ఒకే క్షణాన మోటారు. అంగట్లో ఉన్నవాళ్లు కూడా ఇంటికి ఫోన్ చేసి మరీ వేయించారు. ఆ మోతను నేను చప్పట్లనుకున్నాను.

నలభై ఐదు నిమిషాలు కాగానే మోత ఆగింది. పైవరసలో మూడు ట్యాంకులు నిండి పొర్లి, రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. వంటామె మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. గుంతలో చుక్క పడక, వేరే వీధి నుంచి బిందెలు మోసుకుని ఆమె పోయేసరికి, ఆ రోజు హాస్టల్లో అన్నం ఒకటిన్నరకు పెట్టారు. వార్డెనమ్మ ఇదే ఆఖరని, ఇంకొక్కసారి అయితే వాకిట్లోకి కూడా రావద్దని చెప్పిందట. ఆమె నా మీద కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నీ బాటు చెప్పింది నిజమే అక్కా. నీళ్లు వచ్చినాయి. మా కాడికి రాలేదు, అంతే."

మరునాడు కడప బస్సెక్కాను. కంప్యూటర్ల అర దాటి, ఎప్పుడూ పోని ఇంజనీరింగు అర దగ్గరికి పోయాను. నీటి సరఫరా మీద డిప్లొమా వాళ్ల పుస్తకం దొరికింది. నా ముందు దాన్ని ఎప్పుడు తీసుకెళ్లారో తెలియనంతగా కార్డు మీద ముద్రలు వెలిసిపోయాయి. రెండు పూటలు చదివితే తేలిందేమంటే, ఒకే గొట్టాన్ని అందరూ ఒకేసారి లాగితే చివర ఏమీ మిగలదు. ఇంటికొచ్చి ఈ జ్ఞానాన్ని మా ఆయనతో పంచుకున్నాను. చేతిలో రాగి తీగ దించకుండా, "ఇది నన్నడిగితే చెప్పేవాణ్ణి గదా, బస్సుకు తగలేసినావు" అన్నాడు. నేను చేసిన పనేమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

బాట్ రాకముందు నీళ్ల కబురు నడిచి వచ్చేది. మొదటి ఇంటావిడ కొళాయి బుస్సుమనడం విని పక్కింటికి చెప్పేది. పక్కింటావిడ పొయ్యి మీద పాలు దించి, ముడి వేసుకుని, మోటారు తీగ వెతుక్కునేది. ఆమె కోడలు మిద్దె మీద నుంచి ఎదురింటికి చెప్పేది. ఎదురింట్లో తలుపు తీసేసరికి నీళ్లు వాళ్లను దాటి వాలు దిగిపోయేవి. పైవరస వాళ్ల బద్ధకం, ముచ్చట్లు, తీగ కనబడకపోవడం, వీటిలో నుంచే కిందివరసకు వాటా వచ్చేది. నేను రెండు నెలలు కష్టపడి, నిఘంటువు చూసి మరీ, ఆ వాటాను తీసిపారేశాను.

అందుకని పోగొట్టినదాన్ని తిరిగి పెట్టాను. బాట్‌లో పేర్లను రెండు జాబితాలు చేశాను. కిందివరసకు అరగంట ముందే సందేశం. పైవరసకు వాల్వు తెరిచిన ఇరవై నిమిషాలకు. వింటే ఇదేదో పెద్ద మోసంలా ఉంటుంది. కొళాయి చప్పుడు ఎవరైనా వినొచ్చు కదా అనుకుంటారు. కానీ బాట్ వచ్చాక మా వీధిలో ఎవరూ కొళాయి వైపు చెవి పెట్టడం లేదు. ఫోన్లో రాలేదు కాబట్టి నీళ్లు రాలేదు. పక్కనే కొళాయి కారుతున్నా ఫోను వైపు చూస్తూ ఎదురుచూసేవాళ్లను నేను కళ్లారా చూశాను.

నాలుగు వంతులు అలా నడిచాయి. గుంతల్లో బిందెలు నిండాయి. పైవరస ట్యాంకులూ నిండాయి. రోడ్డు మీదికి పొర్లడం ఒక్కటే తగ్గింది. హాస్టలు అన్నం గంట మధ్యాహ్నం పన్నెండున్నరకు మా మిద్దె మీదికి వినిపిస్తుంది. నాలుగుసార్లూ వేళకే కొట్టింది. ఈ ఏర్పాటు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. గోడ మీద కూడా రాయలేదు.

ఐదో వంతున సిమెంటు అంగడాయన ఇంట్లో గిన్నెలు తోముతున్న పనిమనిషి ఫోను మోగింది. ఆమెది కిందివరస. మంచి మనసున్న మనిషి కాబట్టి, అరగంటలో నీళ్లొస్తున్నాయని వెంటనే ఆయనకు చెప్పింది. ఆయన తన ఫోను తీసి చూసుకున్నాడు. ఏమీ లేదు. వాల్వు తెరిచారు, ఏమీ లేదు. ఫోను ముందు పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాడట. ఇరవయ్యో నిమిషాన మోగింది. నా కోడును అంత ఓపికగా పరీక్షించినవాళ్లు ఇంకొకరు లేరు.

గంటలోపల అంగడికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద ఆయన రెండో మోటారే విప్పి ఉంది.

"ఏమ్మా, నీ మిషను మా పనామెకు ముందు చెప్తాండాది, నాకు వెనక చెప్తాండాది. యాడో తిరకాసు ఉండాది, చూడు."

సిగ్నల్ అని చెబితే సరిపోయేది. మా టౌనులో సిగ్నల్ మీద వేయలేని నేరం లేదు. కానీ అన్ని పుస్తకాలు చదివి, నేను రాసిన ప్రోగ్రాములో తప్పుందని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"తిరకాసు లేదన్నా. నేనే అట్ల పెట్టినా."

"యాల?"

"మీకు రెండు మోటార్లు ఉండాయి. చివరింటామెకు గుంత ఉండాది."

ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన మోటారు లోపలికి మరింతగా వంగి, "సాయంత్రానికి అయిపోతాది అన్నా" అన్నాడు. మోటారు గురించే. మా ఆయన ధైర్యం అంత వరకే, కానీ ఆ మాట తర్వాత నన్ను కూడా ఏమీ అనలేదు. నాకది చాలు.

సిమెంటాయన గొంతు పెంచలేదు. తన ఇల్లు జాబితాలో మొదట పెట్టమన్నాడు. దాన్ని వెనక్కి తిప్పడం నాకు రాదన్నాను.

"ఇంత చదివి?"

"ఆ పుస్తకం లైబ్రరీలో లేదన్నా."

లేచి, చొక్కా సర్దుకుని, ఆ నీళ్లు వదిలేటాయన పని మీద ఉండి ఫోన్ పట్టుకుంటున్నాడని ఆఫీసులో పైఅధికారులకు ఒక మాట చెప్పాల్సి వస్తుందని, చాలా విచారంగా చెప్పి వెళ్లాడు. మరునాడే చెప్పాడు కూడా. సాయంత్రం నీళ్లాయన బండి మీద వచ్చి, దిగకుండానే, ఇక ఫోను ముట్టనని, తన పొట్ట తాను కొట్టుకోలేనని అన్నాడు. నేనాయన్ని తప్పుపట్టలేదు. తర్వాతి వంతు ఎల్లుండే. వంటామెకు వార్డెనమ్మ ఇచ్చిన ఆఖరి అవకాశం ఇంకా అలాగే ఉంది.

ఆ రాత్రి పుస్తకాలు తీయలేదు. ఎప్పుడో ఒకసారి తీయకుండా ఉండడం కూడా చదువులో భాగమే అనుకుంటాను. నీళ్లాయన ఏం చేస్తాడో మొదటి నుంచి చివరి దాకా మనసులో నడిపించి చూసుకున్నాను. పక్క వీధిది కట్టేస్తాడు. మా వాల్వు దగ్గరున్న బంకులో టీ తాగుతాడు. బీడీ కాలుస్తాడు. ఆ తర్వాత తెరుస్తాడు. అరగంట అనేది అసలు ఆ టీ, ఆ బీడీయే.

పొద్దున్నే పోయి ఆయన్ను ఒకే ఒక్కటి అడిగాను. టీ పైన తాగకుండా, చర్చి మలుపులో ఉన్న బంకులో తాగుతాడా అని. ఆయన, పని మీద టీ యాడ తాగాలో చెప్పే కాగితం తనకింకా ఎవరూ ఇవ్వలేదన్నాడు. చర్చి మలుపు బంకు ఒక ముసలామెది. ఆమె మనవరాలు హాస్టల్లోనే చదువుతోంది కనుక, వంటామె ఉద్యోగం ఆమెకు నాకంటే ఎక్కువ అవసరం. నీళ్లాయన ముందు గ్లాసు పెట్టగానే తన ఫోన్లో ఒక్క మాట బాట్‌కు పంపమన్నాను. ఆమెకు రాయడం రాదు. అందుకే "అల్లం" అని నోటితో చెప్పి పంపేలా నేర్పాను. ఆమె ఫోను, ఆమె గొంతు, ఆ మాట, మూడూ ఉంటేనే కిందివరసకు సందేశం పోతుందని చెప్పాను. గొంతు గుర్తుపట్టడం నా బాట్‌కు రాదు గాని, ఆమెతో ఆ మాట చెప్పలేదు. ఫోను భద్రంగా పెట్టుకుంటుందని.

సిమెంటాయన ఇంటి పనామెకు, ఈసారి కబురు ఆ ఇంట్లో చెప్పొద్దని చెప్పి వచ్చాను. తర్వాత పైవరస జాబితాకు బాట్ చేత ఆఖరి సందేశం పంపించాను: "ఇకమీదట ఈ నంబరు నుంచి మీకు సందేశాలు రావు." ప్రతి అక్షరం నిజం. ఆ జాబితాలో నుంచి మా ఇంటిని కింది జాబితాలోకి మార్చుకుందామని చెయ్యి పోయింది. నీళ్ల సంగతి ముందే తెలిస్తే అది మా ఆయన నోట దాగదని గుర్తొచ్చింది. మార్చలేదు.

ఎల్లుండి రానే వచ్చింది. నేను మిద్దె ఎక్కాను. పదీ పది దాకా ఏమీ లేదు. ఆ తర్వాత కింద మలుపులో హాస్టలు సందు నుంచి వంటామె పరుగున రావడం కనిపించింది, చేతులకు ఇంకా పిండి. గుంతలోకి దిగింది. మళ్లీ పైకి వచ్చింది. మళ్లీ దిగింది. అక్కడ అంతా నిశ్శబ్దంగా ఉంది. పైవరసలో ఒక్క మోటారు మోగలేదు. అప్పుడు ఖాళీ బిందె అడుగున నీళ్లు పడే చప్పుడు, అంత దూరం నుంచి వినిపించిందని చెబితే మీరు నమ్మరు. ఎనిమిది బిందెలు లెక్కపెట్టాను. ఎనిమిదో బిందె నింపే వేళకు పైవరస మొదటి ఇంటావిడ కొళాయి విని పక్కింటికి చెప్పింది. పక్కింటావిడ పాలు దించడానికి లోపలికి పోయింది.

పన్నెండున్నరకు హాస్టలు గంట కొట్టింది.

సిమెంటాయన మోటారు తీసుకెళ్లడానికి వచ్చాడు. బిల్లు రాస్తుంటే, "నీ మిషను చచ్చిపోయిందంట గదమ్మా" అన్నాడు. అవునన్నాను. పుస్తకాలు చదివి చేసిన పనులు ఎన్నాళ్లు నిలుస్తాయని, నన్ను ఓదారుస్తున్నట్టే అన్నాడు. దానికీ అవునన్నాను. అరలో దేవుడి పటాల పక్కన పగిలిన అద్దం మీద చిన్న పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఆ పక్కకు ఎవరూ చూడరు. అక్కడ చూస్తే దండం పెట్టాలి.

అది జరిగి ఏడాది దాటింది. బాట్ ఇప్పటికీ నడుస్తోంది. ఒక్క పూట ఆగలేదు. ఇంత నమ్మకంగా పనిచేసేది మా ఇంట్లో ఇంకోటి లేదు. ఆ సంగతి గర్వంగా చెప్పుకోవడానికే వీల్లేదు. నీళ్లరోజు నేను బిల్లుల్లో మునిగి కొళాయి చప్పుడు వినను. మా ఆయన మోటార్ల మోతలో ఏమీ వినడు. పోయిన వంతులో కూడా నీళ్లు ఆగిపోవడానికి ఐదు నిమిషాల ముందు వీధిలో ఎవరో అనుకుంటుంటే విని అరిచాడు.

"మే, నీళ్లొచ్చినాయంట. ఊరికంతా మిషను చేసినావు, మనకు చెప్పేదానికి ఒకటి చెయ్యలేవా?"

బిందె తీసుకుని పరుగెత్తాను. సగమే నిండింది.